బిషప్ ఇచ్చి గుర్రాన్ని కొట్టడం ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం?

మౌనబంటు (ప్రశ్న)

చదరంగంలో రెండింటికీ మూడేసి పాయింట్లని నేర్చుకునే మొదటి రోజే చెబుతారు. కానీ ఆట అయ్యాక ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టి చూస్తే, పైకి ఒకేలా కనిపించే రెండు మార్పిళ్లలో ఒకదానికి ఏమీ అనదు, ఇంకోదానికి అర బంటు కోసేస్తుంది. ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

మరీ ముఖ్యంగా మూడు చోట్ల తేల్చుకోవడం కష్టంగా ఉంటుంది. మన బిషప్ జి5లో ఉండగా బ్లాక్ హెచ్6 తోస్తే ఎఫ్6 గుర్రాన్ని కొట్టాలా, హెచ్4కి తగ్గాలా? అవతలి గుర్రం మన వైపు చొచ్చుకొచ్చి పాతుకుపోతే మంచి బిషప్‌ని ఇచ్చయినా దాన్ని తీసేయాలా? ఒకరికి బిషప్, ఒకరికి గుర్రం మిగిలే ఆట చివరి దశ, అంటే ఎండ్‌గేమ్‌లోకి దిగేముందు ఏం చూసుకోవాలి?

15 నిమిషాల ఆటల్లో లోతుగా లెక్కపెట్టే తీరిక ఉండదు. బోర్డు చూడగానే వేసుకోదగ్గ ప్రశ్నలు కావాలి.

వాలుగీత

ముందు ఒంటి బిషప్ వేరు, బిషప్ జంట వేరు అనుకోండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. ఇంజిన్ కోసే ఆ అర బంటు జంట విలువ. అమెరికన్ ఆటగాడు లారీ కాఫ్‌మన్ 1999లో పెద్ద సంఖ్యలో ఆటల్ని జల్లెడ పట్టి తేల్చిన లెక్క ఇది: గుర్రం 3¼, ఒంటి బిషప్ 3¼, రెండు బిషప్‌లూ మీ దగ్గరే ఉంటే పైన ఇంకో ½. అంటే మొదటి బిషప్‌ని గుర్రానికి ఇచ్చేటప్పుడు సగటున అర బంటు ఖర్చవుతుంది. రెండోదాన్ని ఇచ్చేటప్పుడు ఆ ఖర్చు ఉండదు, అప్పటికే కట్టేశారు కాబట్టి. మీరన్న "ఒకేలా కనిపించే" మార్పిళ్లలో చాలావాటికి సమాధానం ఇదే. కాబట్టి కొట్టేముందు మొదటి ప్రశ్న: నా జంట ఇంకా నిలిచి ఉందా, అవతలివాళ్ల జంట నిలిచి ఉందా? మీది నిలిచి ఉండి వాళ్లది విరిగి ఉంటే మీకు మిగులు. దాన్ని ఊరికే వదులుకోవద్దు.

జంటకు అంత విలువ ఎందుకంటే ఒంటి బిషప్‌కి బోర్డులో 32 గడులే లోకం. మిగతా 32లో ఏం జరిగినా దానికి పట్టదు. రెండోది పక్కనుంటే ఆ లోటు పూర్తిగా పోతుంది. గుర్రాల మధ్య అలాంటి పొత్తు లేదు. పైగా రెండు గుర్రాలు ఒకదాన్నొకటి కాపాడుకుంటూ నిలబడితే రెండూ ఇరుక్కుంటాయి, ఏది కదిలినా రెండోది దిక్కులేనిదవుతుంది. జంటకు ఇంకో సుగుణం ఉంది, దీన్ని తక్కువమంది వాడుకుంటారు: సరైన సమయం చూసి ఒక బిషప్‌ని మార్చుకునే వీలు. జంట పెట్టుకున్నవాళ్లు ఏ బిషప్‌ని ఎప్పుడు ఇవ్వాలో తామే ఎంచుకోవచ్చు. గుర్రం పక్షానికి ఆ స్వేచ్ఛ చాలా తక్కువ.

ఇక కదలిక లెక్క. ఖాళీ బోర్డు మీద బిషప్ అంచున ఎక్కడున్నా 7 గడులు చూస్తుంది, నడిమధ్యలో 13. గుర్రం మూలలో 2, అంచు మధ్యలో 4, మధ్య గడుల్లో 8. సగటు తీస్తే బిషప్‌కి 8.75, గుర్రానికి 5.25. ఇది చూసి బిషప్పే గొప్పదని తేల్చేయకండి. ఖాళీ బోర్డు మీద ఎవరూ ఆడరు. బంట్లు నిండుగా ఉన్నప్పుడు బిషప్ చూసే 13లో అయిదో ఆరో మిగులుతాయి, గుర్రం మాత్రం వాటి మీంచి దూకిపోతుంది. కాఫ్‌మన్ దీనికీ ఒక అంకె ఇచ్చాడు: సొంత బంట్లు ఐదుకు మించితే ఒక్కో బంటుకు గుర్రం విలువ 1/16 పెరుగుతుంది, ఐదుకు తగ్గితే అంతే తరుగుతుంది. చిన్న అంకే, కానీ దిశ స్పష్టం. బంట్లు మారేకొద్దీ గుర్రం పక్షం నష్టపోతుంది. గుర్రం మీదైతే ప్రతి బంటు మార్పిడికీ ముందు ఒకసారి ఆగండి.

రెండో ప్రశ్న: కదలని బంట్లు ఏ రంగు గడుల మీద ఉన్నాయి? "కదలని" అన్నదే అసలు విషయం. డి4లో బంటు ఉన్నంత మాత్రాన నల్లగడుల బిషప్ చెడ్డదైపోదు. ఆ బంటుకు ఎదురుగా ఇంకో బంటు అడ్డుపడి, అది డి4లోనే స్థిరపడిపోతే అప్పుడు చెడ్డది. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో బ్లాక్ సి8 బిషప్ గొడవంతా ఇదే. ఇ6, డి5 రెండూ తెల్లగడులు, వైట్ ఇ5 తోశాక రెండూ బిగుసుకుపోతాయి, బిషప్ వాటి వెనక చిక్కుకుంటుంది.

మూడో ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది: బోర్డు మీద ఏం పోతోందని కాదు, ఏం మిగులుతోంది? 1971లో బ్యూనస్ ఎయిరీస్‌లో ఫిషర్, పెట్రోసియన్ ఆడిన మ్యాచ్ ఏడో ఆట తీసి చూడండి. ఫిషర్ గుర్రం సి5లో రాజాలా కూర్చుని ఉంది. బ్లాక్ బిషప్ డి7లో సొంత బంట్ల వెనక మూలుగుతోంది. ఫిషర్ 22వ ఎత్తులో ఆ గుర్రంతో ఆ బిషప్‌నే కొట్టేశాడు. విడిగా చూస్తే మంచి కాయ ఇచ్చి చెడ్డ కాయ తీసుకున్నట్టే. కానీ ఆ చెడ్డ బిషప్పే బ్లాక్ బలహీనతల్ని ఒంటిచేత్తో కాపాడుతోంది. అది పోయాక వైట్ రూకులకు దారులు తెరుచుకున్నాయి, వైట్ బిషప్‌కి ఎదురు లేకుండా పోయింది. చెడ్డ బిషప్ కాపలా మాత్రం బాగానే కాస్తుంది. దాన్ని మార్చుకోవద్దన్న సలహాని గుడ్డిగా పాటించకండి.

సిసిలియన్ ప్రియ

వాలుగీత గారు చెప్పినదానికి ఓపెనింగ్ వైపు నుంచి చేర్పు. మీ మొదటి ప్రశ్న జి5 బిషప్ గురించి కదా.

హెచ్6కి జవాబుగా ఎఫ్6లో కొట్టాలంటే ప్రతిఫలం కళ్లముందు కనబడాలి. రెండు రకాల ప్రతిఫలాలు ఉంటాయి. ఒకటి, బ్లాక్ జి బంటుతో తిరిగి కొట్టక తప్పని స్థితి, అప్పుడు రాజు ముందు బంట్లు చెదిరిపోతాయి. రెండు, ఎఫ్6 గుర్రం కాపాడుతున్న గడి మీకు దక్కడం. ఆ గుర్రం డి5, ఇ4 రెండింటినీ కాస్తుంది. బ్లాక్ బంట్లు డి6, ఇ5లో ఉండి సి బంటు ముందే మారిపోయి ఉంటే డి5ని కాపాడే బంటు ఉండదు. అప్పుడు ఎఫ్6లో కొట్టి సి3 గుర్రాన్ని డి5లో దింపడం గట్టి ఆలోచన. బ్లాక్ క్వీన్‌తో తాపీగా తిరిగి కొట్టి, బంట్లకు ఏమీ కాక, డి5 లాంటి గడి కూడా మీకు రాకపోతే, మీరు జంటను ఉచితంగా ఇచ్చేశారు.

స్వెష్నికోవ్ సిసిలియన్ దీనికి మంచి పాఠం: 1. ఇ4 సి5, 2. గుర్రం ఎఫ్3 గుర్రం సి6, 3. డి4, బ్లాక్ డి4లో కొడుతుంది, 4. గుర్రం డి4 గుర్రం ఎఫ్6, 5. గుర్రం సి3 ఇ5, 6. డి4 గుర్రం బి5కి, డి6, 7. బిషప్ జి5 ఎ6, 8. గుర్రం ఎ3 బి5. ఇప్పుడు 9వ ఎత్తులో వైట్ ఎఫ్6 గుర్రాన్ని కొడితే బ్లాక్ జి బంటుతో తిరిగి కొడుతుంది, 10. గుర్రం డి5. వైట్‌కు బోర్డు మధ్యలో కదిలించలేని గుర్రం. బ్లాక్‌కు బిషప్ జంట, ఎఫ్5 తోసి గీతలు తెరిచే అవకాశం. రెండు పక్షాలూ తెలిసే బేరం కుదుర్చుకుంటాయి. ఎఫ్5 తోయకుండా బ్లాక్ కాలం గడిపితే జంట మూలన పడి ఉంటుంది, డి5 గుర్రం ఆటంతా శాసిస్తుంది.

హెచ్4కి తగ్గాలనుకుంటే ముందు చూడాల్సింది బ్లాక్ రాజు ఎక్కడుందో. చిన్న వైపు కాజిల్ (రాజును రూక్‌తో కలిపి మూల వైపు దాచే ఎత్తు) చేసి ఉంటే జి5 తోయడం వాళ్ల రాజుకే ముప్పు. ఇంకా కాజిల్ చేయకపోతే మాత్రం జి5, బిషప్ జి3, గుర్రం హెచ్5 అంటూ వచ్చి బిషప్‌ని పట్టేస్తారు. జి3లో అది పోయినా హెచ్ బంటుతో తిరిగి కొడితే మీ రూక్‌కి హెచ్ ఫైల్ (నిలువు వరుస) తెరుచుకుంటుంది కాబట్టి కంగారేం లేదు. కానీ జంట పోయిందన్నది లెక్కలో పెట్టుకోండి.

బిషప్‌కి ముందే తప్పుకునే దారి వేసి పెట్టడం ఎప్పుడూ మంచిది. ఎఫ్4 బిషప్‌కి గుర్రం హెచ్5 బెదిరింపు ఉంటే ముందుగానే హెచ్3 తోసి హెచ్2 ఖాళీ చేయండి. ఇటాలియన్‌లో సి4 బిషప్ మీదకి గుర్రం ఎ5 అని దూకుతుంది. సి3 తోసి, బిషప్ ముందే బి3కి తగ్గి ఉంటే సి2కి జారుకోవచ్చు, ఎ4 తోసి ఉంటే ఎ2 దొరుకుతుంది. బంటుకు ఒక్క ఎత్తు ఖర్చు, అర బంటు మిగులు.

కావాలని బిషప్ ఇచ్చే ఓపెనింగ్‌లూ ఉన్నాయి. నిమ్జో ఇండియన్‌లో (1. డి4 గుర్రం ఎఫ్6, 2. సి4 ఇ6, 3. గుర్రం సి3 బిషప్ బి4) 4. ఎ3 అంటే బ్లాక్ సి3లో కొట్టేస్తుంది. వైట్‌కు జంట వచ్చింది, సి ఫైల్‌లో ఒకదాని వెనక ఒకటిగా రెండు బంట్లూ వచ్చాయి. తర్వాత బ్లాక్ ఏం చేస్తుందో గమనించండి: సి5, డి6, ఇ5 అని బంట్లన్నీ నల్లగడుల మీద పేరుస్తుంది. తన దగ్గర మిగిలింది తెల్లగడుల బిషప్. బంట్లు ఒక రంగు, బిషప్ ఇంకో రంగు చూసుకుంటాయి. మధ్యభాగం మూసుకుపోతుంది, వైట్ జంటకు గాలి ఆడదు, సి4 బంటు మీదకి గుర్రం ఎ5, బిషప్ ఎ6 అంటూ దాడి మొదలవుతుంది. బిషప్ ఇచ్చాక గీతలు మూసేయాలన్నది ఇందులో నేర్చుకోవాల్సిన సూత్రం. బిషప్ ఇచ్చేసి మళ్లీ తామే మధ్యభాగం తెరుచుకునే ఆటలు చాలా కనబడతాయి. అది ఓటమికి దగ్గర దారి.

రూయ్ లోపెజ్ ఎక్స్చేంజ్ లెక్క ఇంకో రకం. ఎఫ్1 బిషప్ బి5 మీదుగా వెళ్లి సి6 గుర్రాన్ని కొడుతుంది, బ్లాక్ డి బంటుతో తిరిగి కొడుతుంది. డి4 దగ్గర బంట్లు మారాక వైట్‌కు రాజు వైపు నాలుగు బంట్లు, బ్లాక్‌కు మూడు. బ్లాక్‌కు అవతలి వైపు నాలుగు ఉన్నా అందులో రెండు సి ఫైల్‌లోనే, దాటిపోయే బంటు (ఎదుటి బంట్లు ఆపలేనిది) పుట్టించడం కష్టం. కాయలన్నీ తీసేస్తే వైట్ గెలిచే ఎండ్‌గేమ్. అందుకే వైట్ ప్రతి మార్పిడినీ ఆహ్వానిస్తుంది, బ్లాక్ జంటను అంటిపెట్టుకుంటుంది. 1914 సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కాపాబ్లాంకా మీద లాస్కర్ ఇదే ఎంచుకున్నాడు. ఎఫ్5 తోసి గుర్రాన్ని డి4 మీదుగా ఇ6లో పాతాడు. ఎఫ్5 వల్ల ఇ5 గడి వదులుకున్నట్టవుతుంది, అయినా ఇ6 గుర్రం దానికి పదింతలు తిరిగి ఇచ్చింది.

ఎనిమిదో వరుస

రెండో ప్రశ్న, పాతుకుపోయిన గుర్రం గురించి చెబుతాను.

గుర్రం నిజంగా పాతుకుపోయిందా లేదా అన్నది ముందు చూడాలి. మన బంటు దాన్ని తరమలేకపోవాలి, వాళ్ల బంటు దానికి ఊతంగా ఉండాలి, మన దగ్గర ఆ రంగు గడి చేరే బిషప్ ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే అది రూక్‌తో సమానంగా బాధపెడుతుంది. మూడోది చాలామంది మర్చిపోతారు. మన డి5 తెల్లగడి. అవతలి గుర్రం అక్కడికి రాబోతోందంటే మన తెల్లగడుల బిషప్‌ని దాచుకోవాలి. దాన్ని ముందే వేరే చోట ఖర్చు చేస్తే తర్వాత ఆ గుర్రాన్ని తీయడానికి రూక్‌నే ఇచ్చుకోవాల్సి రావచ్చు.

ఎంత లోపలికి వచ్చిందన్నదీ ముఖ్యమే. వాళ్ల వైపు నుంచి నాలుగో వరుసలో ఉన్న గుర్రాన్ని భరించవచ్చు. ఐదో వరుసలో గట్టి బెడద. ఆరో వరుసలో పాతుకుంటే వెంటనే ఏదో ఒకటి చేయాలి, బిషప్ ఇచ్చయినా సరే. 1985 మాస్కోలో కార్పోవ్ మీద 16వ ఆటలో కాస్పరోవ్ గుర్రం డి3లో దిగింది, అంటే బ్లాక్ వైపు నుంచి ఆరో వరుస. వైట్ రూకులు మొదటి వరుసలోనే బందీలైపోయాయి. చదరంగం రాసేవాళ్లు దాన్ని ఇప్పటికీ ఆక్టోపస్ అంటారు. చేరాక తీయడం దాదాపు అసాధ్యం, చేరకముందే ఆపాలి.

ఆపే పద్ధతి స్టైనిట్జ్ చూపించాడు. వియన్నా 1873లో రోజెంతాల్ మీద, లండన్ 1883లో ఇంగ్లిష్ మీద ఆడిన ఆటలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. గుర్రాన్ని వెంటాడడు. అది నిలబడగల గడుల్ని బంట్లతో ఒక్కొక్కటే లాగేసుకుంటాడు. ఉదాహరణకు మీ బంట్లు సి3లో, ఎఫ్4లో ఉంటే బి4, డి4, ఇ5, జి5 నాలుగూ గుర్రానికి నిషిద్ధం. అలా వెనక్కి నెట్టాక జంటకు ముందు ఖాళీ మిగులుతుంది. ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది: తోసిన బంటు వెనక్కి రాదు. మరీ ముందుకు తోస్తే మీ బంటు వెనకే కొత్త రంధ్రం పడి, గుర్రం అందులోనే దిగుతుంది. తోసేముందు ఆ బంటు వదిలేస్తున్న గడుల్ని కూడా చూసుకోండి.

ఒంటి బిషప్‌తో గుర్రాన్ని బంధించడం ప్రతివాళ్లూ చేతికి అలవాటు చేసుకోవాల్సిన పని. గుర్రం అంచున ఉంటే దానికి ఎదురుగా, మధ్యలో రెండు ఖాళీ గడులు వదిలి బిషప్‌ని పెట్టండి. గుర్రం ఎ5లో, బిషప్ డి5లో: గుర్రానికి ఉన్న దారులు బి7, సి6, సి4, బి3, నాలుగూ బిషప్ చేతిలోనే. గుర్రం హెచ్5లో ఉంటే బిషప్ ఇ5లో. ఎనిమిదో వరుస మీదా ఇదే: గుర్రం డి8లో ఉంటే బిషప్ డి5లో, బి7, సి6, ఇ6, ఎఫ్7 నాలుగూ మూసుకుపోతాయి. ఆ తర్వాత రాజు నింపాదిగా నడిచి వెళ్లి గుర్రాన్ని తీసుకోవచ్చు.

ఫోర్క్ (ఒకే కాయ ఒకేసారి రెండింటి మీద దాడి చేయడం) భయానికి ఒక సూటి మందు. గుర్రం ఏ గడిలో ఉన్నా దాని దెబ్బలన్నీ ఒకే రంగు గడుల మీదే పడతాయి. మీ రాజు ఒక రంగు గడిలో, క్వీన్ ఇంకో రంగు గడిలో ఉంటే ఏ గుర్రమూ ఆ రెండింటినీ ఒకేసారి కొట్టలేదు. టైమ్ అయిపోతున్నప్పుడు లెక్కలు వదిలేసి రంగులు చూసుకోండి. అలాగే గుర్రానికి రాజు ఎంత దూరంలో నిలబడాలన్నదీ గుర్తుంచుకోండి: ఒకే వాలులో మధ్యన ఒక్క గడి వదిలి నిలబడితే (గుర్రం ఇ4, రాజు జి6) చెక్ ఇవ్వడానికి దానికి మూడు ఎత్తులు పడుతుంది. ఆనుకుని వాలుగా నిలబడితే తర్వాతి ఎత్తులోనే చెక్ వస్తుంది.

మౌనబంటు

చాలా ఉపయోగపడుతోంది, ధన్యవాదాలండీ. మూడో ప్రశ్న మీద ఒక పొజిషన్ పెడుతున్నాను.

వైట్: రాజు డి4, గుర్రం ఎఫ్3, బంట్లు ఎ3, బి4, ఇ5, ఎఫ్4, జి3, హెచ్4.
బ్లాక్: రాజు సి6, బిషప్ డి7, బంట్లు ఎ6, బి5, డి5, ఇ6, జి6, హెచ్5.

బంట్లు ఆరుకు ఆరు. గుర్రం మంచిదని కళ్లకు తెలుస్తోంది, కానీ వైట్ ఏ వైపు నుంచి నొక్కాలి? ఇంకొకటి, రూక్ తోడుంటే ఏది మంచిది, క్వీన్ తోడుంటే ఏది మంచిది అన్నదానికి ఏదైనా సూత్రం ఉందా?

ఎండ్‌గేమ్ చదువరి

చక్కటి పొజిషన్. రంగులు చూడండి: బ్లాక్ బంట్లు ఆరూ తెల్లగడుల మీద, బిషప్ తెల్లగడులదే. వైట్ బంట్లు ఆరూ నల్లగడుల మీద. అంటే బ్లాక్ బిషప్ ఆట ముగిసేదాకా వైట్ బంటు ఒక్కదాన్నీ తాకలేదు. వైట్ ఎంతసేపు ఆడినా ఆ బిషప్ వల్ల వచ్చే ముప్పు లేదు. బ్లాక్ రాజు సి6 లేదా బి6 వదిలితే వైట్ రాజు సి5లోకి దిగుతుంది, కాబట్టి అదీ కట్టుబడి ఉంది.

నొక్కాల్సింది ఇ6, జి6. గుర్రం జి5కి వస్తే ఇ6 మీద గురి. అప్పుడు బిషప్ డి7, సి8, జి8 లాంటి గడుల నుంచి ఇ6ని కాయాలి. ఎఫ్7లో ఉంటే గుర్రమే దాన్ని తినేస్తుంది. జి5 నుంచి హెచ్7 మీదుగా ఎఫ్8 చేరితే ఇ6, జి6 రెండూ ఒకేసారి దెబ్బలో పడతాయి. రెండింటినీ కలిపి కాపాడే గడి ఒక్కటే, ఎఫ్7. ఒక గుర్రం స్థానానికి ఎఫ్7 తప్పనిసరి, ఇంకో స్థానానికి ఎఫ్7 నిషిద్ధం. గుర్రం హెచ్7లో ఉన్న క్షణంలో బిషప్ ఇ8లో ఉంటేనే రెండు వైపులా అందుకోగలదు: గుర్రం జి5కి వెళ్తే డి7, ఎఫ్8కి వెళ్తే ఎఫ్7. బ్లాక్ ప్రతి ఎత్తుకూ సరైన గడి వెతుక్కుంటూ ఆడగలిగితే నిలబడవచ్చు. కానీ గడియారం నడుస్తుండగా అది నరకం, వైట్‌కేమో ఓడే భయం లేదు. ఇలాంటి చోట తొందరపడి బంట్లు తోయొద్దు. గుర్రాన్ని జి5, హెచ్7, ఎఫ్8 మధ్య తిప్పుతూ, మధ్యమధ్యలో రాజుతో ఒక ఎత్తు వేస్తూ బిషప్‌ని తప్పుడు గడిలో పట్టుకోవాలి. రాజుతో ఎందుకంటే గుర్రం ప్రతి ఎత్తుకూ రంగు మారుస్తుంది, ఒంటరిగా అది ఒక ఎత్తు ఖాళీగా వదులుకోలేదు.

ఇప్పుడు అదే బోర్డులో బ్లాక్ బిషప్‌ని నల్లగడులదిగా మార్చి చూడండి. కథ తిరగబడుతుంది. వైట్ బంట్లు ఆరూ దాని దారిలోనే ఉన్నాయి. బ్లాక్ బంట్లు తెల్లగడుల్ని, బిషప్ నల్లగడుల్ని కాస్తాయి, వైట్ రాజుకు ముందుకెళ్లే చోటే ఉండదు. బిషప్ ఒక్కటి మిగిలితే బంట్లను దాని రంగు కాని గడుల మీద పెట్టమని చెప్పేది ఇందుకే.

బిషప్ గెలిచే ఎండ్‌గేమ్‌కి రెండు వైపులా బంట్లు ఉండాలి. గుర్రం ఎ4 నుంచి హెచ్4 చేరాలంటే 5 ఎత్తులు, ఎ1 నుంచి హెచ్8కి 6. బిషప్ మధ్యలో కూర్చుని రెండు వైపులా ఒకేసారి చూస్తుంది. బంట్లన్నీ ఒకే వైపు ఉంటే ఈ లాభం మాయమవుతుంది, అప్పుడు రెండు రంగులూ తాకగల గుర్రమే మేలు. నమూనా ఆట కావాలంటే వాంకూవర్ 1971, ఫిషర్, తైమానోవ్ నాలుగోది. రూకులు మార్చుకుని బిషప్, గుర్రం ఎండ్‌గేమ్‌లోకి దిగాడు ఫిషర్. జి6 బంటును కాయడానికి బ్లాక్ గుర్రం ఇ7కి అతుక్కుపోయింది, బి6 బంటు కాపలా రాజు మీద పడింది. బిషప్‌కి ఖాళీ ఎత్తు వేసే వెసులుబాటు ఉంది, గుర్రానికి లేదు. ఏది కదిపినా నష్టమయ్యే స్థితిలోకి బ్లాక్‌ని నెట్టి, 62వ ఎత్తులో బిషప్‌నే జి6 బంటు మీద పారేసి, రాజుతో బి6, సి5 బంట్లు తినేశాడు ఫిషర్.

ఖాళీ ఎత్తు సంగతి బంటు ఒక్కటే మిగిలిన చోట ఇంకా సూటిగా కనబడుతుంది. వైట్ రాజు ఎ8లో, బంటు ఎ7లో, బ్లాక్ రాజు సి7, సి8 మధ్య ఊగుతోంది. వైట్‌కు గుర్రం ఉంటే ఫలితం రంగు మీద ఆధారపడుతుంది: వైట్ ఆడాల్సిన సమయంలో గుర్రం, బ్లాక్ రాజు ఒకే రంగు గడుల్లో ఉంటే ఎప్పటికీ డ్రా. వేర్వేరు రంగుల్లో ఉంటే గెలుపు. బిషప్ ఉంటే ఈ బాధ లేదు, ఒక ఎత్తు అటూ ఇటూ వేసి వంతు మార్చేయవచ్చు.

బిషప్‌కీ తనదైన శాపం ఉంది. అంచు బంటు రాణి అయ్యే మూల గడి మీ బిషప్ రంగు కాకపోతే, అవతలి రాజు ఆ మూలకు చేరితే చాలు, డ్రా. రాజు, బిషప్, బంటు ఉండి కూడా గెలవలేరు. చివరి బంట్లు మార్చుకునేముందు ఇది చూసుకోవాలి. గుర్రం శాపం వేరే: ఎదుటి అంచు బంటు ఏడో వరుస చేరి, దాని ముందు మూల గడిలో మన గుర్రం ఇరుక్కుంటే, రాజు దగ్గరలో లేనప్పుడు అది పోతుంది. మిగతా ఫైళ్లలో గుర్రం ఒంటరిగా బాగా అడ్డుకుంటుంది.

రూక్, క్వీన్ తోడు గురించి: రూక్‌తో బిషప్, క్వీన్‌తో గుర్రం మేలన్నది కాపాబ్లాంకా అభిప్రాయం. క్వీన్‌కి బిషప్ నడకంతా ముందే ఉంది, లేనిది గుర్రం దూకుడే. అందుకే రాజు మీద దాడిలో ఆ జోడీ భయంకరం. రూక్ నిలువు అడ్డం, బిషప్ వాలు, ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి.

వాలుగీత

ఆఖరి మాటకు చిన్న అభ్యంతరం. రూక్, బిషప్ జోడీ సూత్రం చాలావరకు నిలుస్తుంది, క్వీన్, గుర్రం సూత్రాన్ని మాత్రం అంత గట్టిగా పట్టుకోకూడదు. క్వీన్, బిషప్ ఒకే వాలులో రాజు వైపు గురిపెట్టి ఉంటే దూరం నుంచే పని అయిపోతుంది, గుర్రం దగ్గరికి రావాలి. అవతలి రాజు పక్కన గుర్రానికి నిలబడే గడి ఉందా? ఉంటే గుర్రం, లేకపోతే బిషప్. జోడీ పేరు చూసి కాదు, ఆ గడి చూసి తేల్చుకోండి.

ఎండ్‌గేమ్ చదువరి

ఒప్పుకుంటాను. అందుకే అభిప్రాయం అన్నాను.

మౌనబంటు

చివరిగా, బంట్లన్నీ పోయి ఇవే మిగిలితే? రెండు బిషప్‌లతో కట్టు తెలుసు. మిగతావి నేర్చుకోవడం అవసరమా?

ఎండ్‌గేమ్ చదువరి

బిషప్, గుర్రం కలిపి కట్టడం తప్పక నేర్చుకోండి. అరుదుగానే వస్తుంది, కానీ రెండు కాయల్నీ కలిపి నడపడం దీనంత బాగా ఇంకేదీ నేర్పదు. కట్టు బిషప్ రంగు మూలలోనే పడుతుంది. అవతలి రాజు తెలివిగా తప్పుడు రంగు మూలకు పరుగెడుతుంది, దాన్ని అంచు వెంట రెండో మూలకు తరమాలి. గుర్రం డబ్ల్యూ ఆకారంలో నడుస్తుంది: రాజును హెచ్8 నుంచి ఎ8కి తరుముతున్నారనుకుంటే ఎఫ్7, ఇ5, డి7, సి5, బి7. ఇక్కడ బిషప్ తెల్లగడులది. అత్యంత కష్టమైన పొజిషన్ నుంచైనా 33 ఎత్తుల్లో అయిపోతుంది, 50 ఎత్తుల నియమంలో సరిపోతుంది. కానీ దారి తెలియకుండా వెతుక్కుంటే 50 చాలవు.

రెండు గుర్రాలతో ఒంటి రాజును బలవంతంగా కట్టలేరు, అవతలివాళ్లు తప్పు చేస్తేనే. వింతేమిటంటే అవతలివాళ్లకు ఒక బంటు ఉంటే అవకాశం తెరుచుకుంటుంది. ఒంటి రాజు కదలలేక డ్రా అయ్యే చోట ఇప్పుడు బంటు కదపాల్సి వస్తుంది కదా. ఆ బంటును మన గుర్రం ఎంత ముందుగా ఆపిందన్నది చదరంగ విశ్లేషకుడు ట్రోయిట్స్కీ తేల్చాడు: బ్లాక్ బంటైతే ఎ4, బి6, సి5, డి4, ఇ4, ఎఫ్5, జి6, హెచ్4 గీత దాటకముందే ఆపాలి. అలా ఆపినా కొన్నిసార్లు 50 ఎత్తులు చాలవు.

రెండు బిషప్‌లకు ఎదురుగా ఒంటి గుర్రం ఉంటే? 1851లో క్లింగ్, హార్విట్జ్ గుర్రాన్ని మూల దగ్గర బి7 లాంటి గడిలో రాజు పక్కన పెడితే డ్రా అని చూపించారు. శతాబ్దానికి పైగా అందరూ అదే నమ్మారు. 1983లో కెన్ థాంప్సన్ కంప్యూటర్ ఆ కోట కూడా కూలుతుందని తేల్చింది, గుర్రాన్ని పట్టుకోవడానికే 66 ఎత్తుల దాకా పట్టవచ్చు. మనుషుల ఆటలో డ్రా అయ్యేదే ఎక్కువ, కాబట్టి దీని మీద సమయం పెట్టొద్దు.

ముందు మీరిచ్చిన పొజిషన్‌నే ఇంజిన్‌తో రెండు వైపులా ఆడండి, వైట్‌గా ఒకసారి, బ్లాక్‌గా ఒకసారి. బ్లాక్‌గా ఆడేటప్పుడు గుర్రం హెచ్7కి వచ్చిన ప్రతిసారీ బిషప్ ఇ8లో ఉందో లేదో చూసుకోండి.